ఊరి పేరు నిలబెట్టిన బడిపంతులు: రహీం సాబ్ జీవితం



మన సంచికలో ఏటా మన వీరుల జీవితాలు రాసుకుంటున్నాం. రాంజీ గోండు, కుమ్రం భీము, సమ్మక్క, సారలమ్మల కథలు మీరు చిన్నప్పటి నుంచి వింటున్నవే. ఈసారి మేము ఎంచుకున్న మనిషి మన గూడేల్లో, తండాల్లో పుట్టినవారు కాదు. హైదరాబాద్‌లో పుట్టి, ఇక్కడి బడుల్లో పాఠాలు చెప్పి, ఈ ఊరి పిల్లలను ఒలింపిక్స్ దాకా తీసుకెళ్లిన ఒక బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ ఆయన రహీం సాబ్.

మన సంచికలో ఆయన జీవితం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన హాస్టళ్ల పిల్లల్లో పరుగులో, కబడ్డీలో, విలువిద్యలో, ఫుట్‌బాల్‌లో రాణించేవాళ్లు ఏటా కనిపిస్తూనే ఉంటారు. ఒక పతకం వస్తుంది, పేపర్లో ఫొటో వస్తుంది, దండ పడుతుంది. రెండేళ్ల తర్వాత ఆ పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలియదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ కూడా ఒకప్పుడు దేశమంతా చెప్పుకున్న సంచలనమే. అది ఎలా లేచిందో, ఎలా పడిపోయిందో తెలుసుకుంటే మన పిల్లల విషయంలో మనం ఏం చేయాలో కొంతైనా తెలుస్తుంది.

మీరు నడిచే దారిలోనే

మీలో చాలామంది ఇప్పుడు అశోక్ నగర్ గదుల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నారు. పగలు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పోటీ పడతారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యేవాళ్లు తెల్లవారుజామునే లేచి ఇందిరా పార్కు వైపు పరుగుకు వెళతారు. అబ్బాయిలకు 1600 మీటర్లు, అమ్మాయిలకు 800 మీటర్లు. ఆ పరుగు నెగ్గితేనే ఖాకీ చొక్కా.

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ చౌరస్తా మీదుగా కాస్త ముందుకు నడిస్తే కాచిగూడ వస్తుంది. రహీం సాబ్ పాఠాలు చెప్పిన బడుల్లో ఒకటి ఆ కాచిగూడ మిడిల్ స్కూలు. నారాయణగూడ నుంచి ఇంకో పక్కకు, హిమాయత్‌నగర్ దాటి బషీర్‌బాగ్ వైపు వెళితే ఎల్బీ స్టేడియం వస్తుంది. ఆ రోజుల్లో దాని పేరు ఫతే మైదాన్. లాల్ బహదూర్ శాస్త్రి పేరు 1967లో పెట్టారు. అంటే మీరు రోజూ తిరిగే నాలుగు వీధుల చుట్టూనే ఈ కథ చాలావరకు జరిగింది. ఇందులో పోలీసు ఉద్యోగం కూడా ఉంది.

పాఠాలు చెప్పే ఆటగాడు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి ఇది నిజాం రాజ్యం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, విశ్వవిద్యాలయ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. చదువు ముగిశాక ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన బడులు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. మన బడుల భాషలో చెప్పాలంటే ఆయన పీఈటీ సారు.

ఉపాధ్యాయ శిక్షణ తీసుకున్న మా వంటివారికి ఆయన జీవితంలో మొదట కళ్లకు కట్టేది ఇదే. ఆయన ఆటను బడిలో పాఠం చెప్పినట్టే చెప్పారు. పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో అభ్యాసం పెట్టి, అది వంటబట్టాకే తర్వాతి ముక్కకు వెళ్లడం మనం శిక్షణలో నేర్చుకునేదే. రహీం సాబ్ మైదానంలో చేసింది సరిగ్గా అదే.

ఉదాహరణకు, కుర్రాళ్లు బంతి దొరికితే చాలు, కాళ్ల మధ్య తిప్పుకుంటూ ఒక్కరే గోలు దాకా తీసుకెళ్లాలని చూస్తారు. చూసేవాళ్లకు అది ముచ్చటగా ఉంటుంది కానీ జట్టు గెలవదు. ఈ అలవాటు మానిపించడానికి ఆయన కోప్పడలేదు. బంతిని తిప్పుకుంటూ పోవడమే నిషేధమైన టోర్నమెంట్లు పెట్టారు. అందులో బంతి కాలికి తగలగానే పక్కవాడికి అందించాల్సిందే. కుడికాలు ఒక్కటే బాగా ఆడేవాళ్ల కోసం బలహీనమైన కాలితోనే తన్నాలనే పోటీలు పెట్టారు. వయసును బట్టి, ఎత్తును బట్టి చిన్న పిల్లలకు వేరుగా పోటీలు నడిపారు. పొట్టివాళ్లు పొడుగువాళ్ల కింద నలిగిపోకుండా, ఎవరి తరగతిలో వాళ్లు ఎదిగారు. ఒక్క నియమం మార్చి, ఆటే పిల్లలకు పాఠం నేర్పేలా చేశారు. ఇంతకంటే మంచి బోధనా పద్ధతిని ఏ శిక్షణ కళాశాల చెప్పగలదు?

1940 దశకంలో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఊళ్లో జరిగే లీగ్ పోటీలు, పిల్లల పోటీలు అన్నిటినీ ఒక పద్ధతిలోకి తెచ్చే పని ఆయన చేతికి వచ్చింది.

ఖాకీ చొక్కాల జట్టు

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యారు. చనిపోయేదాకా ఆ జట్టును వదల్లేదు. ఆ రోజుల్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బులకు ఉన్న డబ్బు, పేరు, జనం ఇంకెవరికీ లేవు. వాళ్ల ముందు హైదరాబాద్ పోలీసు జట్టు అంటే రాత్రి గస్తీ, పొద్దున పరేడ్ చేసే కానిస్టేబుళ్ల జట్టు.

ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు గెలిచింది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పును 1950లో, 1954లో, 1957లో గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా రెండుసార్లు తెచ్చుకుంది. రాష్ట్రాల పునర్విభజన తర్వాత సిటీ పోలీస్ జట్టు ఆంధ్రా పోలీస్ జట్టుగా మారింది. ఆ పేరుతో 1961లో మళ్లీ డ్యూరాండ్ గెలిచింది. ఇంత దూరంలో ఉన్న ఒక నగరం పోలీసు జట్టు వస్తోందంటే కలకత్తా క్లబ్బులు జాగ్రత్త పడే రోజులవి. హైదరాబాద్ అంటే చార్మినార్‌తో పాటు ఫుట్‌బాల్ కూడా గుర్తొచ్చేది.

ఈ గెలుపుల వెనుక ఉన్న ఒక మామూలు విషయాన్ని మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆటగాడికి నెల జీతం వచ్చేది. పేదింటి కుర్రాడు ఆట మీద మనసు పెట్టాలంటే మొదట ఇంట్లో పొయ్యి వెలగాలి. పోలీసు శాఖ ఉద్యోగం ఇచ్చింది, మైదానం ఇచ్చింది, సాధనకు సమయం ఇచ్చింది. దాని మీద రహీం సాబ్ పాఠం పడింది. రెండూ కలిస్తేనే ఆ సంచలనం పుట్టింది.

ఆయన కంట పడిన కుర్రాళ్లలో తులసీదాస్ బలరాం ఒకరు. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లాడు, బీద కుటుంబం. సాధన కోసం రోజూ హైదరాబాద్ రావడానికి చేతిలో పైసలు లేవు. సైకిలు అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు 1956లో ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు, తర్వాత దేశంలో గొప్ప ఆటగాళ్లలో ఒకడయ్యాడు. పతకం రాకముందు ఇచ్చిన సైకిలు కిరాయి ఎంత పని చేస్తుందో చూడండి.

బూట్లు లేని కాళ్లు

మన పిల్లలు తప్పక తెలుసుకోవాల్సిన పేరు ఇక్కడ ఒకటి వస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక భారత్ మొదటిసారి ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడింది 1948లో, లండన్‌లో. ఆ జట్టు కెప్టెన్ డాక్టర్ టాలిమెరెన్ ఆవో. ఆయన నాగా గిరిజనుడు, వైద్యం చదివినవాడు. స్వతంత్ర భారత తొలి ఒలింపిక్ ఫుట్‌బాల్ జట్టును నడిపింది ఒక ఆదివాసీ బిడ్డ. ఆ జట్టులో చాలామంది బూట్లు లేకుండా, కాళ్లకు గుడ్డ పట్టీలు చుట్టుకుని ఆడారు. ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతోనే ఓడిపోయారు.

1951లో ఢిల్లీలో తొలి ఏషియన్ క్రీడలు జరిగాయి. భారత జట్టుకు రహీం సాబ్ శిక్షకుడు. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచారు. దేశం సంబరపడింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో అదే దేశం తలదించుకుంది. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓటమి. చలి దేశం, తడి నేల, మన ఆటగాళ్లలో ఎక్కువమంది కాళ్లకు బూట్లు లేవు. ఆ తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

మట్టి మీద ఉత్తకాళ్లతో పెరిగిన మన పిల్లలకు ఈ ఘట్టం బాగా అర్థమవుతుంది. ఉత్తకాళ్లతో ఆడడంలో చిన్నతనం లేదు, అందులో ఒక నేర్పు ఉంది. కానీ ఎదుటివాడి నేల మీద, ఎదుటివాడి వాతావరణంలో గెలవాలంటే కొత్తది నేర్చుకోక తప్పదు. రహీం సాబ్ పది గోళ్ల ఓటమిని పాఠంగా తీసుకున్నారు. బయటి దేశాల జట్లు ఎలా నిలబడుతున్నాయో, ఖాళీ జాగాను ఎలా వాడుకుంటున్నాయో గమనించి, మన ఆటగాళ్ల వేగానికి, ఒంటికి సరిపోయేలా మార్చి నేర్పారు. శరీర బలంలో యూరప్ వాళ్లతో పోటీ పడలేమని ఆయనకు తెలుసు. అందుకే బంతిని కాలి దగ్గర నిలవనీయకుండా వేగంగా అందించుకునే ఆటను నమ్ముకున్నారు.

మెల్‌బోర్న్, రోమ్

నాలుగేళ్లలో ఫలితం వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా ఎదురైంది. నాలుగేళ్ల కిందట పది గోళ్లు కొట్టిన ఆ జట్టు మీద మొదటి గోలు మనమే చేశాం. చివరికి 4-1తో ఓడినా, ఎదురొడ్డి ఆడిన జట్టుగా పేరు వచ్చింది. కంచు పతకం పోటీలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి ఎన్నడూ వెళ్లలేదు. ఆ జట్టులో బలరాం, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాద్ వాళ్లు ఉన్నారు. దేశం జట్టులో ఒక్క నగరం నుంచి అంతమంది!

1960 రోమ్‌లో గట్టి జట్ల మధ్య పడ్డాం. హంగరీ చేతిలో 2-1తో ఓడాం, ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచాం, పెరూ చేతిలో ఓడి ఇంటికి వచ్చాం. ఆ రోజు ఎవరూ అనుకుని ఉండరు, కానీ భారత్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడడం అదే ఆఖరు. ఇప్పటికి అరవై ఏళ్లు దాటింది.

జకార్తాలో లక్షమంది మధ్య

1962 ఏషియన్ క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం సాబ్ ఆరోగ్యం దెబ్బతింది. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ చేరింది. అయినా జట్టుతో వెళ్లారు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించారు. థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ అతన్ని వెనుక నుంచి తీసి ముందు వరసలో, గోలు కొట్టే చోట నిలబెట్టారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచారు. ఫైనల్లో ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా.

ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడం మీద ఒక భారతీయ క్రీడాధికారి అభ్యంతరం చెప్పారు. దాంతో ఇండోనేషియా జనం మన మీద కోపంగా ఉన్నారు. సెప్టెంబర్ 4న ఫైనల్ రోజు స్టేడియంలో దాదాపు లక్షమంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకం. ముందు రోజు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్లను దగ్గరకు పిలిచి, తనకు ఒకే ఒక్క కానుకగా రేపటి బంగారు పతకం కావాలని అడిగారని ఆ జట్టువాళ్లు తర్వాత చెప్పుకున్నారు.

మ్యాచ్‌లో పదిహేడో నిమిషంలో పీకే బెనర్జీ గోలు కొట్టాడు. ఇరవయ్యో నిమిషంలో కుట్లు పడిన తలతో జర్నైల్ సింగ్ రెండో గోలు కొట్టాడు. ఫ్లూ జ్వరంతో నీరసపడిన తంగరాజ్ గోలు ముందు గోడలా నిలబడ్డాడు. ఆఖరులో కొరియా ఒక గోలు చేసినా 2-1తో భారత్ గెలిచింది. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. బెంగాలీ, పంజాబీ సిక్కు, హైదరాబాదీ ముస్లిం, తమిళుడు అందరూ ఒకే బంతి వెంట పరుగెత్తారు. ఏషియన్ క్రీడల ఫుట్‌బాల్‌లో మనం బంగారం గెలవడం అదే ఆఖరిసారి.

రహీం సాబ్ హైదరాబాద్ తిరిగి వచ్చారు. కొద్ది నెలల్లోనే మంచం పట్టారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారాన్ని ప్రభుత్వం మొదలుపెట్టింది 1985లో. అప్పటికి ఆయన పోయి ఇరవై రెండేళ్లు.

ఎలా పడిపోయింది

పెద్ద చెట్టు వేరు తెగినా కొన్నాళ్లు పచ్చగానే కనిపిస్తుంది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. మన రాష్ట్రానికి ఆ కప్పు దక్కడం అదే ఆఖరు. 1970 బ్యాంకాక్ ఏషియన్ క్రీడల్లో భారత్‌కు కంచు పతకం వచ్చింది. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాద్ వాడు. మహమ్మద్ హబీబ్ కూడా ఈ ఊరివాడే. శిక్షణ ఇచ్చిన పీకే బెనర్జీ రహీం సాబ్ శిష్యుడు. అది ఆయన నాటిన చెట్టుకు ఆఖరి కాపు. ఆ తర్వాత భారత్‌కు ఏషియన్ క్రీడల ఫుట్‌బాల్‌లో పతకమే లేదు.

ఆ పతనం ఒక్కరోజులో జరగలేదు, ఒక్క మనిషి వల్లా జరగలేదు. ఒక్కొక్కటిగా చెప్పుకుందాం.

మొదటిది, పద్ధతి అంతా ఒక మనిషి చుట్టూ తిరిగింది. చిన్నపిల్లల పోటీలు, బలహీన కాలి పోటీలు, బంతి తిప్పనివ్వని పోటీలు ఆయన ఉన్నన్నాళ్లు నడిచాయి. ఆయన స్థానంలో అదే పని అదే పట్టుదలతో చేసే పదిమంది పీఈటీలు తయారు కాలేదు. ఒక పాఠం ఒక మాస్టారుతోనే ఆగిపోతే అది బడి నేర్పిన పాఠం కాకుండా పోతుంది.

రెండోది, మంచి ఆటగాళ్లు ఊరు విడిచి వెళ్లిపోయారు. బలరాం 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. నయీముద్దీన్, హబీబ్ 1966లో అదే దారి పట్టారు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున ఎదుర్కొన్నవాళ్లలో హబీబ్ ఒకడు. ఆ మ్యాచ్ 2-2తో ముగిసింది. వాళ్లను తప్పు పట్టలేం. అక్కడ డబ్బు ఉంది, జనం ఉన్నారు. కానీ పెద్దవాళ్లు ఊళ్లో లేకపోతే చిన్నవాళ్లు ఎవరిని చూసి నేర్చుకోవాలి? బలరాం బెంగాల్‌లోనే స్థిరపడి 2023లో అక్కడే కన్నుమూశారు.

మూడోది, ఉద్యోగం, ఆట కలిసి నడిచే దారి మూసుకుపోతూ వచ్చింది. పోలీసు జట్టు పేరు తగ్గింది. ఫుట్‌బాల్ ఆడితే ఇల్లు గడుస్తుందనే నమ్మకం పోయాక ఏ తండ్రి కొడుకును మైదానానికి పంపుతాడు?

నాలుగోది, ఊరు మారింది. ఖాళీ జాగాలు కాంప్లెక్సులయ్యాయి. 1983లో భారత్ క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచింది, ఇంటింటికీ టీవీ వచ్చింది. సందుల్లో బంతి బదులు బ్యాటు కనిపించసాగింది. క్రికెట్ మీద కోపం అక్కర్లేదు. ఒక ఆట పెరగడానికి ఇంకో ఆట చావాల్సిన పనిలేదు. ఫుట్‌బాల్‌ను పట్టించుకునేవాళ్లు లేకపోవడమే అసలు జబ్బు.

ఆమధ్య ఇంకో మెరుపు మెరిసింది. హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుతో వచ్చిన క్లబ్బు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఊరి పేరు మళ్లీ పేపర్లలో వచ్చింది. తర్వాత డబ్బు కష్టాలు చుట్టుముట్టాయి. 2025లో ఆ క్లబ్బు ఊరు విడిచి ఢిల్లీకి తరలిపోయింది. గల్లీ పిల్లల నుంచి పెరగని జట్టు ఊరితో ముడిపడలేదు. రహీం సాబ్ జట్టుకు, ఈ జట్టుకు తేడా అక్కడే ఉంది. అప్పుడు డబ్బు తక్కువ. కానీ ఆటగాడు పక్క వీధి కుర్రాడు, శిక్షకుడు పక్క బడి మాస్టారు.

మనం ఏం తీసుకోవాలి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హాస్టల్ పిల్లల మధ్య ఇన్నేళ్లు గడిపాక మేము ఒక మాట చెప్పగలం. మన పిల్లల్లో సత్తాకు ఏనాడూ కొదవ లేదు. కొండ ఎక్కి దిగి బడికి వచ్చిన పిల్లకు ఊపిరి తిత్తుల్లోనే పుట్టుకతో శిక్షణ ఉంటుంది. జోనల్ క్రీడల్లో ఆ పిల్లలను చూసినవాళ్లందరికీ ఇది తెలిసిందే. కొదవ ఉన్నది ఆ తర్వాత. పతకం తెచ్చిన పిల్లను వేదిక ఎక్కించడానికి అందరం వస్తాం. మరుసటి నెల ఆ పిల్ల సాధనకు వెళ్లడానికి బస్సు ఛార్జీ ఎవరిస్తున్నారు? రాత్రి మెస్‌లో అన్నంతో పాటు ఒక గుడ్డు ఎక్కువ ఎవరు పెడుతున్నారు? ఇంటర్ అయ్యాక ఆట, చదువు రెండూ సాగే దారి ఎవరు చూపిస్తున్నారు? పెళ్లి చేస్తామని ఇంటివాళ్లు వచ్చినప్పుడు వాళ్లతో కూర్చుని ఎవరు మాట్లాడుతున్నారు? సంచలనాలు ఆగిపోయేది ఇలాంటి చోట్లే.

మీలో కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లకు ఒక మాట. ఆ ఖాకీ చొక్కాకు ఈ ఊళ్లో ఒక ఆట చరిత్ర ఉంది. ఉద్యోగం కోసమే పరుగెత్తే ఆ 1600 మీటర్లు, 800 మీటర్లు ఉద్యోగం వచ్చిన రోజుతో ఆపేయకండి. శాఖల మధ్య క్రీడా పోటీలు ఉంటాయి, వాటికి పేరివ్వండి. మీ ఊరి పిల్లలు మిమ్మల్ని చూసి మైదానానికి వస్తారు.

టీచర్ పోస్టులకు, పీఈటీ పోస్టులకు చదివేవాళ్లకు ఇంకో మాట. రహీం సాబ్ చేతిలో పెద్ద స్టేడియం లేదు, విదేశీ యంత్రాలు లేవు. ఒక బడి, ఒక మైదానం, ఆలోచించి పెట్టిన నియమాలు ఉన్నాయి. రేపు మీకు ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాల దొరుకుతుంది. దాని వెనుక ఎగుడుదిగుడు నేల ఒకటి ఉంటుంది. ఆ నేలను బాగు చేయించడం, తరగతి వారీగా పోటీలు పెట్టడం, నేర్పిన పద్ధతిని నోటుబుక్కులో రాసి తర్వాత వచ్చే మాస్టారుకు అప్పగించడం మీ చేతుల్లో పనే. ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం. రహీం సాబ్ జీవితం చూపించిన లోటు అదే.

ఆ పని అశోక్ నగర్ గదుల్లో ఉన్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. పండక్కి ఊరికి వెళ్లినప్పుడు మీ హాస్టల్‌లో ఆటలో ముందున్న ఒక తమ్ముణ్ణో చెల్లెల్నో గుర్తించండి. వాళ్ల పేరు, ఆట, తరగతి, వాళ్లకు ఏం కావాలో రాసి మన సంఘానికి ఇవ్వండి. బూట్లు కావచ్చు, బస్సు ఛార్జీ కావచ్చు, ఇంట్లో ఒప్పించే మనిషి కావచ్చు. మనలో ఉద్యోగాలున్నవాళ్లం తలా కొంత వేసుకుందాం. వచ్చే ఏడాది సంచిక వచ్చేనాటికి ఆ పిల్లల్లో ఎంతమంది ఇంకా ఆడుతున్నారో అందరి ముందు లెక్క చెప్పుకుందాం.